తక్కువ వేగంలో వణుకు: ఖాళీ బండిని నడిపి తేల్చలేరు

సంపాదకులకు నమస్కారం.

మదనపల్లె టమాటా మార్కెట్‌కు చుట్టుపక్కల పల్లెల నుంచి సరకు తెచ్చే పికప్ వాహనాల్లో తరచుగా కనిపించే ఒక లోపం గురించి, దానికి షెడ్లలో జరుగుతున్న గుడ్డి మరమ్మతు గురించి రాస్తున్నాను. క్రేట్లు నింపుకుని తోటలోంచి ఫస్ట్ గేరులో బయలుదేరిన బండి గంటకు 10 నుంచి 30 కిలోమీటర్ల వేగం మధ్య సీటు కింద అదురుతుంది. 40 దాటాక ఏమీ ఎరగనట్టు సాఫీగా పోతుంది. షెడ్డుకు తీసుకెళితే ముందు వీల్ బ్యాలెన్సింగ్ చేయించమంటారు, ఆ తర్వాత అలైన్‌మెంట్, తర్వాత టైర్లు, చివరికి క్లచ్ ప్లేటు. అన్నీ అయ్యాక కూడా అదురు తగ్గకపోతే రోడ్లు బాగాలేవంటారు. రోడ్లు బాగాలేని మాట నిజమే గానీ, అదే రోడ్డు మీద పక్క బండి వణకడం లేదు కదా.

చక్రంలో బరువు తేడా వల్ల పుట్టే బలం వేగం రెట్టింపైతే నాలుగింతలవుతుంది. అందుకే బ్యాలెన్సింగ్ లోపం సాధారణంగా 70, 80 కిలోమీటర్ల దగ్గర బయటపడుతుంది. 20 దగ్గర వణికి 60 దగ్గర ఆగిపోయే బండి చక్రాలకు సీసపు ముక్కలు అతికించి ప్రయోజనం లేదు.

ఏ భాగమూ విప్పకముందే డ్రైవరు స్వయంగా తేల్చుకోగలిగినవి చాలా ఉన్నాయి. బండి నిలిచి ఉండగా న్యూట్రల్‌లో ఇంజన్ వేగం పెంచినా అదిరితే ముందు ఇంజన్ మౌంటింగులు (ఇంజన్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూడాలి. క్లచ్ వదులుతున్న ఆ కాసేపే అదిరి, కాలు పూర్తిగా తీసేయగానే ఆగితే క్లచ్ ప్లేటును అనుమానించాలి; బ్రేకు తొక్కినప్పుడే అదిరితే డ్రమ్ములనో డిస్కులనో చూడాలి. వీటన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష మరొకటి ఉంది. చదునైన ఖాళీ రోడ్డు మీద 20 కిలోమీటర్ల వేగంలో వణుకు బాగా తెలుస్తున్నప్పుడు గేరు న్యూట్రల్‌లోకి తెచ్చి బండిని దాని మానాన దొర్లనివ్వాలి. వణుకు అలాగే కొనసాగితే లోపం టైరులోనో, వంగిన రిమ్ములోనో, హబ్బులోనో ఉంటుంది. ఆ క్షణమే ఆగిపోతే గేర్‌బాక్సు నుంచి వెనక ఇరుసుకు శక్తిని చేరవేసే ప్రొపెల్లర్ షాఫ్టు దగ్గర వెతకాలి.

వణుకు తీరు కూడా ఇదే చెబుతుంది. ఈ బండ్ల టైరు ఒక్క చుట్టుకు రెండు మీటర్ల పైచిలుకు దొర్లుతుంది కనుక, 20 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు రెండున్నర చుట్లు తిరుగుతుంది. లోపల పొర విడిపోయి ఉబ్బిన టైరైతే ఆ ఊపును నోటితో లెక్కపెట్టవచ్చు. డిఫరెన్షియల్ నిష్పత్తి (చక్రం ఒక్క చుట్టుకు షాఫ్టు తిరిగే చుట్లు) నాలుగు దగ్గర ఉన్న బండిలో షాఫ్టు అదే సెకనులో పది చుట్లు తిరుగుతుంది. షాఫ్టు చివర ఉండే కీలును క్రాసు అంటారు; వంపులో తిరిగే ఆ క్రాసు ఒక్కో చుట్టుకు రెండుసార్లు షాఫ్టు వేగాన్ని పెంచి తగ్గిస్తుంది కాబట్టి ఇరవై కుదుపులు వస్తాయి. అవి లెక్కకు అందవు, సీటులో అదురుగానే తెలుస్తాయి.

షాఫ్టు రెండు చివర్లలో క్రాసుల వంపు సమానంగా ఉన్నంతకాలం ఒకదాని హెచ్చుతగ్గును రెండోది సరిచేస్తుంది. బరువుకు వెనక భాగం కుంగినా, ఎక్కువ సరకు మోయాలని కమాన్ పట్టీలు (వెనక ఇరుసు మీద బరువు మోసే ఉక్కు స్ప్రింగు పట్టీలు) అదనంగా వేయించి వెనక భాగాన్ని పైకి లేపినా ఆ సమానత్వం చెడిపోవచ్చు. మా ప్రాంతంలో కొత్త బండి కొన్న వెంటనే అదనపు పట్టీలు వేయించడం ఆనవాయితీ అయిపోయింది. ఆ తర్వాత మొదలైన వణుకుకు కంపెనీని తిట్టుకోవడం న్యాయం కాదు. షాఫ్టు రెండు ముక్కలుగా ఉన్న బండ్లలో నడుమ సెంటర్ బేరింగును పట్టి ఉంచే రబ్బరు చిరిగితే, ఖాళీ బండిలో తెలియని అదురు బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు బయటపడుతుంది. క్రాసు కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి రాలి ఉంటే లోపల గ్రీజు ఎండిపోయినట్టే. షాఫ్టు విప్పేముందు గుర్తులు పెట్టుకోకుండా, తిరిగి బిగించేటప్పుడు ఎలా పడితే అలా తొడిగితే, లేని వణుకు కొత్తగా వస్తుంది. క్రాసు విరిగి షాఫ్టు ముందు చివర రోడ్డు మీద పడితే బండి అదుపు తప్పుతుంది కాబట్టి దీన్ని చిన్న ఇబ్బందిగా చూడకూడదు.

అసలు చిక్కు ఏమిటంటే, లోపం బరువుతో ఉన్నప్పుడు కనిపిస్తుంది, పరీక్ష మాత్రం ఖాళీ బండి మీద జరుగుతుంది. టమాటాలతో నిండిన బండిని షెడ్డులో నిలబెట్టుకోవడం ఏ రైతుకూ కుదరదు. సర్వీసు కేంద్రాలు కొన్ని ఇసుక బస్తాలు ఉంచుకుని, ఆ బండికి అనుమతించిన బరువు మించకుండా ఎక్కించి, దగ్గర్లోని ఎత్తు మీద ఒకసారి నడిపి చూస్తే పెద్ద ఖర్చేమీ కాదు. బండి ఫిర్యాదులు రాసుకునే సర్వీసు కేంద్రం జాబ్ కార్డులో ‘వైబ్రేషన్’ (అదురు) అని ఒక్క మాట రాసి వదిలేయకుండా, ఏ వేగంలో, ఏ గేరులో, ఎంత బరువుతో వస్తోంది, న్యూట్రల్‌లో ఆగుతోందా లేదా అన్న నాలుగు వివరాలు డ్రైవరును అడిగి రాసుకోవాలని, అవి లేని జాబ్ కార్డు మీద యజమానులు సంతకం చేయవద్దని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

– ఒక సరకు వాహన యజమాని, మదనపల్లె