మావయ్యకి అండగా నిలబడిన అందరికీ

అందరికీ నమస్కారం. మా మావయ్యకి నాలుక క్యాన్సర్ ఆపరేషన్, ఆ తర్వాత రేడియేషన్ పూర్తయి శ్రీకాకుళం ఇంటికొచ్చేశారు. జావ, మజ్జిగ దాటి ఇప్పుడు మెత్తగా కలిపిన పప్పన్నం తింటున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పడం కుదరక ఇక్కడ రాస్తున్నా.

ముందు మా పళ్ల డాక్టరు గారికి దణ్ణం. కదిలే పన్ను పీకించుకుందామని వెళ్తే, ఆయన పన్ను సంగతి వదిలేసి నాలుక పక్కనున్న పుండు చూసి, మూడు వారాలైనా మానని పుండుకి పూతమందులు రాసుకుంటూ కూర్చోకూడదని కోప్పడి, వెంటనే విశాఖ అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి పంపించారు.

అక్కడి డాక్టరమ్మ ఓపికకి ఏమిచ్చినా తక్కువే. మా వైపు నోటి క్యాన్సరంటే అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగే ముసలమ్మలకో గుట్కా నమిలేవాళ్లకో వస్తుందనే లెక్క. మావయ్య గుట్కా ముట్టలేదు. రోజూ సాయంత్రం ఒక క్వార్టర్, తాగేటప్పుడు మాత్రం సిగరెట్లు, అంతే. మందుతో పోయేది లివరని లివర్ టెస్టులు కూడా చేయించుకునేవారు, అవి బాగానే వచ్చేవి! ఆవిడ చెప్పాక తెలిసింది, ఆల్కహాల్ నోట్లోనే బ్యాక్టీరియా వల్ల అసిటాల్డిహైడ్ అనే విషంగా మారి కణాల్లోని డీఎన్‌ఏని దెబ్బతీస్తుందని, పైగా సిగరెట్ పొగలోని విషాలు నోటి పొరలోకి సులువుగా దిగేలా చేస్తుందని. అందుకే రెండూ కలిస్తే ముప్పు కూడిక కాదు, హెచ్చవేత. బీరా విస్కీనా అని కాదు, ఒంట్లోకి ఎంత ఆల్కహాల్ వెళ్లిందన్నదే లెక్క. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 1988లోనే మద్యాన్ని క్యాన్సర్ తెచ్చేవాటి మొదటి గ్రూపులో, పొగాకు ఉన్న చోటే, పెట్టిందట. సిగరెట్ పెట్టె మీదైతే బొమ్మేసి మరీ భయపెడతారు, సీసా మీద మాత్రం ఆరోగ్యానికి హానికరం అని చిన్నక్షరాల్లో రాసి ఊరుకుంటారు. ఎవడు చదువుతాడు?

రక్తమిచ్చిన తమ్ముడి ఫ్రెండ్స్‌కి, ఆరోగ్యశ్రీ (పేరు మారినా మా ఇంట్లో ఇంకా అదే) కాగితాలు దగ్గరుండి చేయించిన ఆరోగ్యమిత్రకి, గాజువాకలో గది ఇచ్చి, ముక్కు ట్యూబులో పోయడానికి రాగిజావ వడగట్టి పంపిన పిన్నికి రుణపడి ఉంటాం. మావయ్యతో కలిసి కూర్చునే బాబాయిలూ, మీరు ఆటో నిండా వచ్చి పలకరించడం కన్నా, వెళ్లి నోరు చూపించుకున్నందుకు ఎక్కువ థాంక్స్. తెల్లమచ్చ బయటపడిన బాబాయ్, చెకప్ మానకండి.

మావయ్యకి మాట ఇంకా స్పష్టంగా రావట్లేదు, అందుకని ఫోన్ చేయకుండా ఇంటికే రండి. ఏదైనా తేవాలనిపిస్తే కారం లేనిది తెండి.