ఇంట్లో టంబ్లింగ్ చేయించొచ్చా? చీర్ టీమ్ పిల్లల తల్లిదండ్రులకు

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

నినాదాలు, చేతుల కదలికలు, పల్టీలతో ప్రదర్శనలిచ్చే మన చీర్ టీమ్‌లో చిన్న తరగతుల పిల్లలు చేరినప్పటి నుంచి మీలో చాలామంది నన్ను అడుగుతున్నది ఒకటే: "మేడమ్, ఇంట్లో కూడా టంబ్లింగ్ ప్రాక్టీస్ చేయించమంటారా?" టంబ్లింగ్ అంటే నేల మీద వేసే పల్టీలూ మొగ్గలూ. ఫలానా వాళ్ల పాప ఇంట్లో రోజూ బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్ (వెనక్కి దూకి చేతుల మీదుగా వేసే పల్టీ) వేస్తోందట, మా పాప వెనకబడిపోతుందేమో అని టెన్షన్ పడుతున్నవాళ్లూ ఉన్నారు. అందుకే ఈసారి వార్తాలేఖలో వేరే కబుర్లన్నీ పక్కన పెట్టి దీని గురించే రాస్తున్నాను.

ముందు జవాబు చెప్పేస్తాను. ప్రాక్టీస్‌లో ఎవరి చెయ్యీ ఆసరా లేకుండా, కోచ్ బాగుంది అనేలా చేయలేని ఏ పల్టీనీ ఇంట్లో చేయించకండి. హ్యాండ్‌స్ప్రింగ్, బ్యాక్ టక్ (చేతులు ఆనించకుండా, మోకాళ్లు ముడిచి గాల్లో వెనక్కి వేసే పల్టీ) లాంటివైతే వచ్చినా సరే, ఇంట్లో వద్దు. వాటికి కావలసిన బలం, ఒడుపు మాత్రం ఇంట్లో హాయిగా పెంచుకోవచ్చు, నన్నడిగితే పెంచుకోవాలి కూడా, ఎందుకంటే ప్రాక్టీస్‌కి దొరికే కాస్త సమయంలో కోచ్ అందరి చేతా అన్నీ చేయించలేరు.

వద్దనడానికి మొదటి కారణం నేల. పెద్ద జిమ్‌లలో టంబ్లింగ్ నేర్పే స్ప్రింగ్ ఫ్లోర్‌కి అడుగున స్ప్రింగులు, వాటి మీద చెక్క పలకలు, ఆపైన ఫోమ్, కార్పెట్ ఉంటాయి. అంత లేకపోయినా కనీసం మందపాటి ఫోమ్ మ్యాట్ ఉంటుంది. ఇంట్లో ఉండేది టైల్స్, లేదంటే గచ్చు. దాని మీద తివాచీ పరిస్తే చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ దెబ్బ తగలడంలో పెద్ద తేడా ఉండదు, పైగా అది జారుతుంది. పోనీ పరుపు వేద్దామంటే అది మరీ మెత్తన, కాలు దిగబడి చీలమండ మెలికపడుతుంది, చెయ్యి దిగబడితే మణికట్టు. చుట్టూ సోఫా అంచులు, టీపాయ్ మూలలు ఎలాగూ ఉంటాయి.

బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్‌లో అసలేం జరుగుతుందో ఒకసారి దగ్గరగా చూడండి. పిల్ల కుర్చీలో కూర్చోబోతున్నట్టు వెనక్కి వాలి, రెండు కాళ్లతో నేలను గట్టిగా తన్ని, చేతులు చెవులకు ఆనించి వెనక్కి దూకుతుంది. అరచేతులు నేలను తాకగానే ఒంటి బరువంతా ఆ వేగంతో సహా చేతుల మీద పడుతుంది. మోచేతులు బిగిసి ఉంటే ఒళ్లు వాటి మీదుగా దాటిపోతుంది, వంగాయంటే తల వెళ్లి నేలకు తగులుతుంది. భుజాల్లో ఇంకా బలం చాలని పిల్లలకు వంగేది అక్కడే. ఆ క్షణంలో పట్టుకోవడానికి కోచ్ ఒక చెయ్యి నడుము కింద, ఇంకో చెయ్యి తొడ వెనక పెడతారు, పిల్ల మధ్యలో భయపడి ఆగిపోతుందని ముందే పసిగడతారు. "నేను పక్కనే ఉండి పట్టుకుంటాను మేడమ్" అని మీలో కొందరు అంటున్నారు. మీ ప్రేమను కాదనను, కానీ ఇది ప్రేమతో అయ్యే పని కాదు, నేర్చుకుంటే తప్ప రాదు, తప్పు చోట పట్టుకుంటే పిల్లతో పాటు మీకూ దెబ్బ తగులుతుంది.

ట్రామ్‌పొలిన్ (పిల్లలు ఎగరడానికి స్ప్రింగులతో బిగించిన గుడ్డ) కొందామనుకుంటున్నవాళ్లు ఒక్క నిమిషం ఆగండి. ఇళ్లలో సరదాకి ట్రామ్‌పొలిన్ వాడొద్దని అమెరికాలోని పిల్లల డాక్టర్ల సంఘం, అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, 2012లోనే గట్టిగా చెప్పింది. వాటి మీద తగిలే దెబ్బల్లో దాదాపు నాలుగింట మూడొంతులు ఒకేసారి ఇద్దరు ముగ్గురు ఎగురుతున్నప్పుడు తగులుతున్నవేనని, అందులోనూ ఎక్కువగా దెబ్బతినేది అందరికంటే చిన్నపిల్లలేనని కూడా ఆ సంస్థ చెప్పింది. ఇక గాలి నింపే ఎయిర్ ట్రాక్ మ్యాట్లు, గచ్చు కంటే నయమే, కానీ అవి పిల్లని అదనంగా పైకి విసురుతాయి. దానికి అలవాటు పడిన పిల్ల మామూలు మ్యాట్ మీద అదే పల్టీ వేయబోతే ఎత్తు చాలదు.

దెబ్బల సంగతి అలా ఉంచితే, ఒంటికి తప్పు కూడా ఒప్పంత బాగానే అలవాటవుతుంది. మోచేతులు వంచి, తల వెనక్కి విసిరి, కాళ్లు ఎడంగా పెట్టి ఇంట్లో రోజూ వేసిన పల్టీని సరిచేయడం కొత్తగా నేర్పడం కంటే చాలా కష్టమని కోచ్‌లందరూ అనే మాట. ఇంకొకటి భయం. ఇంట్లో ఒకసారి తల తగిలిన పిల్ల మర్నాడు ప్రాక్టీస్‌లో వరుసలో నిలబడుతుంది, పరుగు తీస్తుంది, సరిగ్గా పల్టీ వేయాల్సిన చోటికి వచ్చి ఆగిపోతుంది. మళ్లీ వెనక్కి వెళ్లి మళ్లీ ఆగిపోతుంది. అది మొండితనం కాదు, దయచేసి అప్పుడు తిట్టకండి, ఇంతకుముందు వచ్చేది కదా అని పదిమందిలో అనకండి. మళ్లీ చిన్న చిన్న అంచెల్లో మొదటి నుంచి తీసుకురావాలి, దానికి నెలలు పట్టొచ్చు.

ఎముకల సంగతి కూడా చెప్పాలి. ఎదిగే పిల్లల ఎముకల చివర్లలో మెత్తటి ఎదుగుదల భాగం ఉంటుంది, చేతుల మీద పదే పదే బరువు పడితే మణికట్టు దగ్గర అది దెబ్బతింటుంది. బ్రిడ్జ్‌లు (వెనక్కి విల్లులా వంగి చేతులు నేలకు ఆనించడం), వాకోవర్‌లు (చేతుల మీదుగా ఒక్కో కాలూ దాటించడం) అతిగా చేస్తే నడుము కింది భాగంలో వెన్నుపూసకు సన్నని పగులు రావచ్చు. ప్రాక్టీస్‌లో ఎంత చేయించారో కోచ్‌కి తెలుసు, ఇంటికెళ్లాక ఎంత చేసిందో తెలియదు, అసలు చిక్కంతా అక్కడే. అందుకని గమనించండి. పిల్ల మాటిమాటికీ మణికట్టు విదిలిస్తోందా, బొటనవేలి వైపు నొక్కితే అబ్బా అంటోందా, నడుము వెనక్కి వంచితే నొప్పంటోందా? అయితే ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌కి చూపించండి. పోటీ దగ్గర్లో ఉందని దాచకండి, టీమ్‌లో చోటు పోతుందన్న భయం వద్దు, నేను మాటిస్తున్నాను.

మరి ఇంట్లో ఏం చేయాలి? వెల్లకిలా పడుకుని, నడుము కింది భాగం నేలకు గట్టిగా అదిమి, భుజాలూ కాళ్లూ కొంచెం పైకి లేపి ఉంచమనండి. దీన్ని హాలో హోల్డ్ అంటారు. నడుము కింద మీ అరచెయ్యి దూర్చి చూడండి, దూరితే కాళ్లు కొంచెం పైకెత్తమనండి, దూరకుండా 20 సెకన్లు ఉండగలిగితే చాలు. చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది గానీ టంబ్లింగ్‌కి పునాది అదే. ప్లాంక్‌లు (మోచేతులు, కాలివేళ్ల మీద ఒళ్లంతా కర్రలా నిలిపి ఉంచడం), పుషప్‌లు. ఎగిరి దిగేటప్పుడు మోకాళ్లు లోపలికి పడకుండా, చప్పుడు రాకుండా మెత్తగా దిగడం. ఒళ్లు వేడెక్కాక స్ప్లిట్స్ (కాళ్లు రెండు వైపులా చాపి నేలకు ఆనించడం) కోసం సాగదీయడం. అద్దం ముందు చేతుల మోషన్లు, ఎనిమిది కౌంట్లు (ఒకటి నుంచి ఎనిమిది వరకు లెక్కపెడుతూ కదలికలు), చీర్‌లు అంటే నినాదాలు గట్టిగా చెప్పడం. రోజూ ఓ పావుగంట చాలు, ఒక రోజు పూర్తిగా విశ్రాంతి.

గోడకు పొట్ట ఆనించి చేతుల మీద తలకిందులుగా నిలబడే హ్యాండ్‌స్టాండ్, పిల్లిమొగ్గలు, బండి చక్రంలా పక్కకి తిరిగే కార్ట్‌వీల్ లాంటివి కోచ్ సరేనన్న పిల్లలు మాత్రం చేయొచ్చు. కార్ట్‌వీల్ అయితే ఆరుబయట, తడిలేని చదునైన గడ్డి మీద, గాజులూ గొలుసులూ తీసేసి, జుట్టు బిగించి కట్టి, పెద్దవాళ్లు చూస్తుండగా. ఫోన్‌లో వీడియో తీయడం కోసమైతే అసలొద్దు, కెమెరా ముందు పిల్లలు తమకు రానిది కూడా చేసేస్తారు.

ఎంత జాగ్రత్తగా ఉన్నా తలకు దెబ్బ తగిలితే ఆ రోజుకి ఆట బంద్. తలనొప్పి, వాంతి, కళ్లు తిరగడం, తికమకగా మాట్లాడటం ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఏ లక్షణం లేకపోయినా డాక్టర్ సరే అనేవరకు ప్రాక్టీస్‌కి పంపకండి. మెడ నొప్పన్నా, చేతులూ కాళ్లూ తిమ్మిరన్నా పిల్లని లేపి కూర్చోబెట్టకండి, ఉన్నచోటే కదలకుండా ఉంచి అంబులెన్స్ పిలవండి.

ఇక మా వైపు నుంచి. ఇంట్లో ఏవి చేయొచ్చో, ఏవి చేయకూడదో ప్రతి పిల్లకీ విడిగా రాసి కోచ్ ఈ వారం డైరీలో అంటించి పంపుతారు. చదివి సంతకం చేయండి. కొత్తది నేర్చుకున్నప్పుడల్లా ఆ కాగితం మారుతుంది. ప్రాక్టీస్ చూడాలనుకుంటే ఎప్పుడైనా రండి, హాలో హోల్డ్ ఎలా సరిదిద్దాలో కోచ్ మీకు చేసి చూపిస్తారు.

మీ
ప్రధానోపాధ్యాయురాలు