సూఫీలను ఇస్లాం నుంచి విడదీసి పొగడవద్దు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో కోనసీమ దర్గాల మీద వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. కాలువ గట్ల వెంట, కొబ్బరి తోటల మధ్య ఉన్న చిన్న చిన్న దర్గాలను కూడా వెతుక్కుంటూ వెళ్లి, అక్కడ మొక్కు చెల్లించుకునే వారితో మాట్లాడి రాసిన వ్యాసకర్త శ్రమను మెచ్చుకోవాలి. అయితే అందులో పదే పదే వచ్చిన ఒక వాదన నన్ను ఈ ఉత్తరానికి పురికొల్పింది. దేవుణ్ణి ప్రేమతో చేరుకునే సూఫీ మార్గం అసలు ఇస్లాంలో పుట్టినది కాదనీ, మన వేదాంతమే పారశీక దేశానికి వెళ్లి అక్కడ వేరే పేరుతో నిలిచిందనీ, అందుకే సూఫీలు మసీదుకూ, ఇస్లాం ధర్మశాస్త్రమైన షరీఅత్‌కూ ఎదురు తిరిగారనీ ఆయన రాశారు. సూఫీలను గౌరవించాలనే ఆయన అలా రాశారని నమ్ముతున్నాను. కానీ ఆ మాట నిజం కాదు. పైగా మన పక్క వీధిలో ఉండే ముస్లింలకు వారి స్వంత వారసత్వం మీద హక్కు లేదని చెప్పినట్టవుతుంది.

ఈ విషయంలో తెలుగు పాఠకులకు తప్పక పరిచయం కావలసిన పండితురాలు జర్మనీకి చెందిన ఆన్‌మరీ షిమ్మెల్. 1922లో ఎర్ఫర్ట్‌లో పుట్టి, పదిహేనో ఏట అరబ్బీ మొదలుపెట్టి, పంతొమ్మిదేళ్లకే బెర్లిన్‌లో డాక్టరేటు అందుకున్న ఆమె, 1954లో అంకారా విశ్వవిద్యాలయంలో మతాల చరిత్ర బోధించడానికి చేరారు. ముస్లిం కాని ఒక యువతి ఇస్లామీయ ధర్మ విద్యల విభాగంలో, అదీ టర్కీ భాషలో, పాఠాలు చెప్పడం ఆ రోజుల్లో సామాన్యమైన సంగతి కాదు. తరువాత 1967 నుంచి 1992 దాకా హార్వర్డ్‌లో భారత ఉపఖండపు ముస్లిం సంస్కృతిని బోధించి, 2003లో బాన్ నగరంలో కన్నుమూశారు. ఇస్లాం ఆధ్యాత్మిక మార్గాల మీద 1975లో ఆమె వెలువరించిన పెద్ద పుస్తకం ఈ చదువులోకి అడుగుపెట్టే వారికి నేటికీ మంచి ద్వారం.

ఆ పుస్తకం పొడుగునా కనిపించేది ఒకటే పద్ధతి. సూఫీ ఏం చెప్పాడో చూడడంతో ఆమె ఆగరు, ఆ మాట అతని నోటికి ఎక్కడి నుంచి వచ్చిందో వెతుకుతారు. వెతికిన ప్రతిసారీ ఖురాన్ పారాయణం దగ్గరకూ, రాత్రి నమాజుల దగ్గరకూ, ప్రవక్త జీవితం దగ్గరకూ చేరుకుంటారు. ఆదిలో దేవుడు మానవాత్మలను 'నేను మీ ప్రభువును కానా?' అని అడిగితే అవి 'అవును' అన్నాయని ఖురాన్ ఏడవ అధ్యాయం చెబుతుంది. మనిషికి అతని కంఠ రక్తనాళం కన్నా దేవుడే దగ్గరని యాభయ్యవ అధ్యాయం చెబుతుంది. పారశీక, టర్కీ, సింధీ భాషల సూఫీ కవిత్వంలో వందల ఏళ్లపాటు మోగింది ఈ వాక్యాలే. 801లో మరణించిన బస్రా నగరపు సూఫీ సాధ్వి రాబియా ఒక చేత నిప్పు, మరో చేత నీళ్లు పట్టుకుని వీధిలో నడిచిందట. అడిగిన వారితో స్వర్గాన్ని తగలబెట్టి నరకాన్ని ఆర్పివేస్తాననీ, అప్పుడు ఆశతో గానీ భయంతో గానీ కాక దేవుణ్ణి దేవుడి కోసమే కొలుస్తారనీ చెప్పిందట. ఈ కథ మన భక్తి సంప్రదాయానికి ఎంత దగ్గరగా ఉన్నా, ఆ స్వర్గం, ఆ నరకం ఖురాన్ చెప్పినవే. నమాజు చదివి చదివి రాత్రిళ్లు గడిపిన మనిషికే ఆ మాట అనే చనువు వచ్చింది.

వ్యాసకర్త సూఫీ సాధువు మన్సూర్ హల్లాజ్‌ను ముఖ్య సాక్షిగా తెచ్చారు కాబట్టి ఆయన గురించి కొంత వివరంగా చెప్పాలి. హల్లాజ్ ఓడలో గుజరాత్‌కు వచ్చి, అక్కడి నుంచి సింధు ప్రాంతంలో తిరిగిన మాట నిజమే. అంతమాత్రం చేత 'అనల్ హఖ్' ('నేనే సత్యం') అన్న ప్రకటనను మన ఉపనిషత్తుల నుంచి తీసుకువెళ్లాడనడానికి ఆధారం లేదు. ఆయన మక్కాకు మూడుసార్లు యాత్ర చేశాడు. చెరసాలలో సంకెళ్ల మధ్య కూడా నమాజు వదలలేదని ఆయన్ను గురించిన కథనాలు చెబుతాయి. 922లో బాగ్దాదులో ఆయన్ను చంపించడానికి ఆ ఒక్క మాటే కారణం కాదు. నాటి ఖలీఫాలపై తిరగబడిన ఖర్మతీలతో సంబంధం ఉందన్న అనుమానం, దర్బారులో వజీరుల కక్షలు, హజ్‌కు పోలేని వారు ఇంటి దగ్గరే ఏం చేయవచ్చునో ఆయన చెప్పిన తీరు, ఇవన్నీ ఆ విచారణలో కలిశాయి. ఇన్ని సంగతులున్న జీవితాన్ని 'మసీదుకు ఎదురు తిరిగినవాడు' అన్న ఒక్క ముక్కలో తేల్చివేయడం ఆయనకు అన్యాయం. ఇక షరీఅత్‌కూ సూఫీ మార్గానికీ పొత్తు కుదరదనే వారు 1111లో మరణించిన గజాలీని ఒకసారి చూడాలి. బాగ్దాదు నిజామియా విద్యాలయంలో ఆచార్య పదవిని వదిలి దేశాలు తిరిగిన ఆయన న్యాయశాస్త్రంలోనూ సూఫీ మార్గంలోనూ ప్రమాణంగా నిలిచాడు.

పిఠాపురం ఉమర్ అలీషా గారి పేరు కూడా ఆ వ్యాసంలో వచ్చింది. 1885లో పుట్టి 1945లో మరణించిన ఆ కవి మా గోదావరి సీమ గర్వించదగిన పండితుడు. పారశీక కవి ఖయ్యాం రుబాయీలను (నాలుగు పాదాల పద్యాలను) పారశీకం నుంచి నేరుగా తెలుగు పద్యాల్లోకి తెచ్చారు. సూఫీ తత్త్వాన్నీ వేదాంతాన్నీ పక్కపక్కన నిలిపి రాశారు. నిజమే, కానీ ప్రవక్త చరిత్రను తెలుగులో రాసినదీ ఆయనే. మొగల్ రాజకుమారుడు దారా షికో సంగతీ ఇంతే. 1657లో ఉపనిషత్తులను పారశీకంలోకి అనువదింపజేసినప్పుడు, ఖురాన్ ప్రస్తావించిన 'నిగూఢ గ్రంథం' ఇవేనని ఆయన భావించాడు. ఇద్దరూ తమ నేల మీద నిలబడే అవతలి వారితో మాట్లాడారు.

పండితులే కాదు, పిండి విసిరే స్త్రీలు కూడా ఈ సంభాషణలో ఉన్నారు. బీజాపూరు సూఫీల సంప్రదాయంలో దక్కనీ భాషలో పుట్టిన చక్కీనామాలను (తిరగలి పాటలను) రిచర్డ్ ఈటన్ అనే చరిత్రకారుడు పరిశీలించారు. ఆ పాటల్లో ఒకదానిలో తిరగలి పిడి అరబ్బీ తొలి అక్షరం 'అలిఫ్', అంటే అల్లాహ్. నడిమి ఇరుసు ముహమ్మద్. చేయి తిరిగే లయతో దేవుని నామం కలుస్తుంది. దంపుళ్ల పాటల్లో సీతారాములను పాడుకున్న మన ఇళ్ల ఆడవారికి ఈ పాట నడక పరాయిదనిపించదు. అయినా అందులో ఉన్నది అక్షరాలా ఇస్లామే. (షిమ్మెల్ రచనలతో పాటు ఈటన్ 1978లో ప్రచురించిన బీజాపూరు అధ్యయనాన్ని కూడా చదవమని నేను అంటాను. షిమ్మెల్ మనసు కవిత్వం మీద ఎక్కువ. దర్గాలకు సుల్తానులు ఇచ్చిన భూములు, పీఠాల అధికారం వంటి విషయాల దగ్గర ఆమె త్వరగా ముందుకు సాగిపోతారు.)

అమలాపురానికి దగ్గరలో నేను ఏటా వెళ్లే ఒక దర్గాలో ఉరుసు రాత్రి గంధం బయలుదేరే ముందు జరిగేది ఇక్కడ చెప్పాలి. గంధం గిన్నె, చాదరు సిద్ధంగా ఉంటాయి. బ్యాండు వారు కాలువ వంతెన దగ్గర ఊరకే నిలబడి ఉంటారు. మా వాళ్లు పిల్లలను ఎత్తుకుని, కొబ్బరికాయలూ పూలూ పట్టుకుని ఎదురు చూస్తుంటారు. పక్క మసీదులో రాత్రి వేళ ఇషా నమాజు పూర్తయి, పెద్దలు వచ్చి ఖురాన్ తొలి అధ్యాయమైన ఫాతిహా చదివిన తరువాతే దర్గా సేవకుడైన ముజావరు గిన్నెను తలకెత్తుకుంటాడు. మీ వ్యాసంలో ఊరేగింపు ఉంది, నెమలీకల కట్ట ఉంది, మా వాళ్ల మొక్కులు ఉన్నాయి. నమాజు కోసం ఆగిన ఆ కొద్ది సేపు మాత్రం లేదు.

కాబట్టి నా మనవి ఇది. షిమ్మెల్ వంటి పండితుల రచనలను తెలుగు పాఠకులకు పరిచయం చేసే వ్యాసాలను, అరబ్బీ పారశీకాలు తెలిసిన తెలుగు ముస్లిం రచయితల చేత మీ పత్రికలో వరుసగా రాయించండి. మా ఊరి గ్రంథాలయంలో సూఫీల పేరిట ఉన్నవి ఖయ్యాం అనువాదాలు మాత్రమే, వాటి పక్కన సూఫీ కవి రూమీనీ గజాలీనీ చేర్చమని గ్రంథాలయాధికారులను కూడా అడుగుతున్నాను. ఇకపై దర్గాల మీద వ్యాసం వేసేటప్పుడు మొక్కుకోవడానికి వచ్చిన వారితో పాటు ఆ ఊరిలో నమాజు చదివించే పేష్ ఇమామును, ముజావరును కూడా కలిసి, వారు తమ పీరును గురించి ఏమంటారో అడిగి రాయమని మీ విలేకరులకు చెప్పండి.

భవదీయుడు,
విశ్రాంత చరిత్ర ఉపన్యాసకుడు,
అమలాపురం