గ్రాఫ్ బాగుంటే సరిపోదు రా

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావ్ రా. నీ మెసేజ్ చూసి మూడ్రోజులైంది, రెండు ముక్కల్లో తేలే విషయం కాదని ఆగి ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నా. కంప్యుటేషనల్ ఫిజిక్స్ తీసుకుంటున్నా, పైథాన్ బానే వచ్చు కదా ఈజీగా అయిపోతుందా అని అడిగావు చూడు, అది సగమే నిజం. ప్రోగ్రామ్ రాయడం నీకు రెండు వారాల్లో వచ్చేస్తుంది, అది ఇచ్చిన నంబర్‌ని నమ్మొచ్చా లేదా తేల్చుకోవడం మాత్రం నాకు ఏడాదిన్నర పట్టింది, ఇంకా నేర్చుకుంటూనే ఉన్నా. పేపర్ మీద లెక్క తప్పితే ఎక్కడో ఒకచోట అడ్డం తిరుగుతుంది కదా, సిమ్యులేషన్ అలా కాదు రా, తప్పు కోడ్ కూడా హాయిగా రన్ అయ్యి అందమైన గ్రాఫ్ గీసి చేతిలో పెడుతుంది.

నా సంగతే చెప్తా విను. మొదటి సెమిస్టర్‌లో ఐసింగ్ మోడల్ ఇచ్చారు, అదే, అయస్కాంతానికి ఓ సింపుల్ నమూనా, గళ్ళ మీద బుల్లి అయస్కాంతాల్లాంటి స్పిన్‌లు, ఒక్కోటి పైకో కిందకో చూస్తుంటుంది. మెట్రోపోలిస్ పద్ధతి నీకు తెలిసిందే, ఒక స్పిన్ తిప్పి చూస్తాం, ఎనర్జీ తగ్గితే ఒప్పుకుంటాం, పెరిగితే ఎంత పెరిగిందో దాన్ని టెంపరేచర్‌తో పోల్చి ఒక ప్రాబబిలిటీతో ఒప్పుకుంటాం, లేదంటే ఉన్నచోటే ఉండిపోతాం. 32 బై 32 లాటిస్ (గళ్ళ పలక) మీద రన్ చేశా, మాగ్నటైజేషన్, అంటే స్పిన్‌లు ఎంతమేరకు ఒకేవైపు చూస్తున్నాయో ఆ కొలత, 1 దగ్గర మొదలై టెంపరేచర్ 2.3 చుట్టుపక్కల నున్నగా పడిపోయింది. ఆన్సాగర్ అనే శాస్త్రవేత్త 1944లోనే పెన్నుతో తేల్చిన ట్రాన్సిషన్ టెంపరేచర్, అంటే అయస్కాంతత్వం మాయమయ్యే చోటు, 2.269 కదా, ఇంకేం, వచ్చేసిందనుకుని ఆ రాత్రి నిద్ర కూడా పోలేదు.

మా ల్యాబ్‌లో సీనియర్ అక్క ఒకామె గ్రాఫ్ చూసి బాగుంది అనలేదు, 4 బై 4 లాటిస్ మీద రన్ చేసి చూపించు అంది. అంత చిన్నదెందుకు అన్నా. 16 స్పిన్‌లే కాబట్టి మొత్తం 65,536 స్టేట్స్ (స్పిన్‌ల అమరికలు), వాటన్నిటినీ ఒక్కోటీ లెక్కపెట్టేసి అసలు జవాబు రాండమ్ నంబర్ల అవసరమే లేకుండా తెలుసుకోవచ్చు, దాంతో నీది పోల్చు అంది. పోల్చా. టెంపరేచర్ 1 దగ్గర ఒక్కో స్పిన్‌కి ఎనర్జీ మైనస్ 1.997 రావాలి, నాకు మైనస్ 1.72 వచ్చింది. ఎన్నిసార్లు రన్ చేసినా అదే.

రెండ్రోజులు వెతికితే దొరికింది, ఒకే ఒక్క లైన్. స్పిన్ తిరిగినప్పుడు మాత్రమే ఎనర్జీని సగటులో కలుపుతున్నా, తిరగకపోతే వదిలేస్తున్నా. కానీ తిరగకపోయినా పాత స్టేట్‌నే ఇంకోసారి లెక్కలోకి తీసుకోవాలి రా, "కదల్లేదు" అన్నది కూడా ఒక సమాచారమే. తక్కువ టెంపరేచర్‌లో సిస్టమ్ వేలసార్లు అన్నిటికన్నా తక్కువ ఎనర్జీ ఉన్న స్టేట్‌లో అలాగే కూర్చుంటుంది, ఎప్పుడో ఒకసారి ఒక స్పిన్ తిరిగి వెంటనే వెనక్కొస్తుంది, నేను ఆ కూర్చున్న కాలాన్నంతా పారేసి తిరిగిన క్షణాలనే లెక్కపెడుతున్నా, అందుకే సగం సగం సగటు వచ్చింది. మరి 32 బై 32 లో ఎందుకు బయటపడలేదంటే, అక్కడ స్పిన్‌లు ఎక్కువ కాబట్టి ఏ స్టేట్‌లో ఉన్నా మూవ్ ఒప్పుకునే రేటు దాదాపు ఒకేలా ఉంటుంది, ఈ తప్పు వల్ల వచ్చే తేడా స్పిన్‌ల సంఖ్యతో భాగించబడి గ్రాఫ్‌లో కంటికి ఆనదు. పెద్ద లాటిస్‌లో దాక్కున్నది చిన్న లాటిస్‌లో దొరికింది. ఇది అర్థమైన రోజే నాకు ఈ సబ్జెక్ట్ మీద నిజమైన ఇష్టం పుట్టింది అనుకుంటా.

ఇంకో విషయం, ఆ పద్ధతి 1953 నాటి పేపర్ నుంచి వచ్చింది, పేరు మెట్రోపోలిస్‌ది నిలిచిపోయింది కానీ ఐదుగురు రాశారు, రోజెన్‌బ్లూత్ దంపతులు, టెల్లర్ దంపతులు కూడా ఉన్నారు, లాస్ అలమోస్‌లో మానియాక్ అనే కంప్యూటర్ మీద ఆ కోడ్ రాసింది అరియానా రోజెన్‌బ్లూత్. వాళ్ళు ఆ లెక్కని 224 డిస్కులతో చేశారు, కంప్యూటర్ డిస్కులు కాదు, కణాలకి బదులు గుండ్రటి బిళ్ళలు. క్లాసులో ఆమె పేరు ఎవరూ చెప్పరు, నువ్వైనా గుర్తుపెట్టుకో.

ఇక ఎర్రర్ బార్‌ల గురించి, అంటే జవాబు ఎంత అటూ ఇటూ ఉండొచ్చో చూపే గీతలు, ఇది అందరూ తప్పు చేసే చోటు కాబట్టి కొంచెం ఓపిగ్గా చదువు. పది లక్షల శాంపిల్స్ తీశాను, దాని వర్గమూలం వెయ్యి, కాబట్టి ఎర్రర్ వెయ్యో వంతు అనుకుంటాం. కానీ ఒక స్టెప్‌కీ తర్వాతి స్టెప్‌కీ పెద్ద తేడా ఉండదు కదా, ఒకే మనిషిని పదిసార్లు అడిగి పదిమంది అభిప్రాయం అని రాసుకున్నట్టు అవుతుంది. ఆటోకోరిలేషన్ టైమ్, అంటే సిస్టమ్ పాత స్టేట్‌ని మర్చిపోవడానికి పట్టే స్టెప్పులు, 500 అయితే శాంపిల్స్‌ని దాని రెండింతలతో భాగించాలి, అంటే నీ పది లక్షల్లో నిజంగా విడివిడిగా లెక్కకొచ్చేవి వెయ్యే, నీ ఎర్రర్ బార్ అసలు ఉండాల్సిన దానికన్నా 32 రెట్లు చిన్నగా ఉన్నట్టు. ట్రాన్సిషన్ దగ్గర ఇది ఇంకా ఘోరం, లాటిస్ పొడవు రెండింతలు చేస్తే ఆ టైమ్ దాదాపు నాలుగున్నర రెట్లు అవుతుంది. అందుకే స్వెండ్‌సెన్, వాంగ్ 1987లో, వుల్ఫ్ 1989లో స్పిన్‌లని ఒక్కోటిగా కాకుండా గుంపులుగా తిప్పే పద్ధతులు తెచ్చారు, వుల్ఫ్‌ది నువ్వే రాసి చూడు, యాభై లైన్లు కూడా ఉండదు, అది పనిచేయడం చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది.

అలాగని అక్కడితో ప్రశాంతంగా ఉండొచ్చా అంటే లేదు. 1992లో ఫెరెన్‌బర్గ్, లాండౌ, వోంగ్ అనే ముగ్గురు ఇదే ఐసింగ్ మోడల్ మీద వుల్ఫ్ పద్ధతిని, అప్పట్లో మంచిదని పేరున్న రాండమ్ నంబర్ జనరేటర్‌తో కలిపి నడిపితే జవాబు తప్పొచ్చింది. పద్ధతి మంచిదే, జనరేటర్ కూడా మామూలు టెస్టులు పాసైందే, రెండూ కలిసినప్పుడు తేడా కొట్టింది. అసలు జవాబు ముందే తెలిసిన మోడల్ కాబట్టి పట్టుకోగలిగారు.

మాలిక్యులర్ డైనమిక్స్, అంటే కణాల కదలికని స్టెప్పు స్టెప్పుగా లెక్కకట్టడం, అది కూడా సిలబస్‌లో ఉందన్నావు. మొదట ఒక స్ప్రింగ్ తీసుకుని ఆయిలర్ పద్ధతితో (ఇప్పుడున్న వేగం, బలంతోనే తర్వాతి స్టెప్ వేసే సాదా పద్ధతి) నడుపు, కోణీయ ఫ్రీక్వెన్సీ (ఒమేగా) 1, టైమ్ స్టెప్ 0.01 పెట్టు. ప్రతి స్టెప్‌కి ఎనర్జీ సరిగ్గా 1.0001 రెట్లు అవుతుంది, చిన్నదే అనిపిస్తుంది, కానీ పదివేల స్టెప్పులయ్యేసరికి 2.7 రెట్లు అయిపోతుంది, అంటే పదహారు ఊగులకే. అదే టైమ్ స్టెప్‌తో వెర్లే పద్ధతి పెడితే ఎనర్జీ కొంచెం పైకీ కిందకీ ఊగుతుంది అంతే, ఎంతసేపు నడిపినా ఎటూ కొట్టుకుపోదు, ఎందుకంటే అది నీ సిస్టమ్‌కి బాగా దగ్గరగా ఉన్న ఇంకో హామిల్టోనియన్‌ని (ఎనర్జీ సూత్రాన్ని) దాదాపు కచ్చితంగా పాటిస్తుంది. ఈ రెండు గ్రాఫ్‌లూ పక్కపక్కన పెట్టుకుని కాసేపు చూడు, వంద పేజీలు చదివినా అంత బాగా ఎక్కదు. 1964లో అనీసుర్ రెహమాన్ 864 ఆర్గాన్ పరమాణువులతో ద్రవాన్ని సిమ్యులేట్ చేశాడు, ఇప్పుడు ఆ పని నీ లాప్‌టాప్ మీద కాసేపట్లో అయిపోతుంది, అది తప్పకుండా చేయి.

ఇదంతా విని చెకింగ్ తప్ప ఇంకేం లేదా అనుకోకు. ఫెర్మీ, పాస్టా, ఉలామ్ 1950ల్లో స్ప్రింగులతో కట్టిన గొలుసులో కొంచెం నాన్‌లీనియర్ బలం (సాగినదానికి సరిగ్గా అనుపాతంలో లేనిది) కలిపి, ఒక మోడ్‌లో (గొలుసు ఊగే ఒక తీరులో) పెట్టిన ఎనర్జీ మెల్లగా అన్నిటికీ పంచుకుపోతుందని ఎదురుచూశారు, ప్రోగ్రామ్ చేసింది మేరీ సింగూ. అలా జరగలేదు, ఎనర్జీ కొన్ని మోడ్‌లలో తిరిగి తిరిగి దాదాపు మొత్తం మొదటి దానికే వచ్చేసింది. కోడ్‌లో తప్పు కాదు, ప్రకృతే అలా ఉంది, ఆ చిక్కుముడి విప్పబోయే 1965లో జాబుస్కీ, క్రుస్కల్ ఆకారం చెదరకుండా సాగిపోయే అలకి సాలిటాన్ అన్న పేరు పెట్టారు. కోడ్ మీద వాళ్ళకి అంత నమ్మకం లేకపోతే ఆ వింతని బగ్ అని పక్కన పడేసేవాళ్ళు కదా రా, నేను ఎప్పుడూ దాని గురించే ఆలోచిస్తా.

సరే చాలా రాశా. ఈ వారాంతం 4 బై 4 ఐసింగ్ రాయి, వేరే ఏమీ ముట్టుకోకు. ఒక కోడ్ 65,536 స్టేట్స్ లెక్కపెట్టేది, ఇంకోటి మెట్రోపోలిస్, టెంపరేచర్ 1 నుంచి 4 వరకు రెండిటి ఎనర్జీలూ ఒకే గ్రాఫ్ మీద వేసి ఎర్రర్ బార్‌లతో సహా పంపు, నా దగ్గరున్న నంబర్లతో కలిపి చూద్దాం.

ఉంటాను రా.