ఈ వానాకాలం పరదాలు కట్టం: పాత ట్రాక్టర్లు పెట్టినోళ్లకు

మా షెడ్డులో పాత ట్రాక్టర్లు పెట్టిన అన్నలందరికీ నమస్తే. మృగశిర కార్తె దగ్గరపడ్డది. ఈసారి కొన్ని పద్ధతులు మారుస్తున్నం. ఎందుకో దాచకుండా చెప్తే ఇంటి దగ్గర బండి పెట్టుకున్నోళ్లకు కూడా పనికొస్తది.

ముందు మా తప్పు. పోయిన వానాకాలం షెడ్డు పక్కన పైపులు పాతి, టార్పాలిన్ పరదా కట్టి, కొన్ని బండ్లు దాని కింద పెట్టినం. వాలు సరిపోలేదు. నడుమ గుంట పడి నీళ్లు నిలిచినయి, అంగుళంనర పైపు వంగి ఒక హెచ్ఎంటీ ట్రాక్టరు మడ్గార్డు మీద కూర్చున్నది. ఆ డెంటింగు, పెయింటింగు ఖర్చు మాదే. పరదా 250 జీఎస్ఎంది (చదరపు మీటరుకు 250 గ్రాముల మందం), చినగలేదు. చినిగితేనే నయముండేది, నీళ్లు కారిపోయేవి.

నీళ్ల బరువు చాలామంది లెక్కేయరు. చదరపు మీటరు మీద ఒక్క సెంటీమీటరు నీళ్లు నిలిస్తే 10 కిలోలు. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు గుంటలో సగటున 10 సెంటీమీటర్లు నిలిస్తే రెండు క్వింటాళ్లు. చలి దేశాల్లో మంచు పేరుకొని షెడ్లు కూలుతయి. మనకు మంచు లేదు గానీ, 2023 జూలై 27 పొద్దుటి వరకు 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడ్డది. అంటే చదరపు మీటరుకు 650 కిలోల నీళ్లు. అంత నీళ్లను ఏ కప్పూ మోయదు, పడ్డది పడ్డట్టు జారిపోవాలె.

అందుకే ఇక అన్ని బండ్లూ రేకుల కిందనే. కొత్తగా వేసిన భాగానికి పది అడుగులకు రెండు అడుగుల వాలు ఇచ్చినం. పక్క రేకు మీద రేకు ఒకటిన్నర అల ఎక్కించి, కింది రేకు మీద పై రేకు ఆరంగుళాలు దించినం. రేకు పట్టే జే బోల్టులన్నీ (కొక్కెం లెక్క వంగినవి) రేకు అల ఎత్తు మీదనే, రబ్బరు వాషర్లతో. గాడిలో బోల్టు కొడితే నీళ్లు పోయే దారిలో బొక్క పెట్టినట్టే. మార్చి, ఏప్రిల్‌లో వడగళ్లు పడ్డప్పుడు రాళ్లు గట్టర్‌లో పేరుకొని నీళ్లు లోపలికి తిరుగుతయి. వడగళ్లు ఆగంగనే గట్టర్ ఊడ్చుడు కూడా మా పనే.

ఇంట్లో పరదానే దిక్కైతే: నడుమ పైన ఒక దూలం, మూడు అడుగుల అడ్డానికి కనీసం అడుగున్నర వాలు. పరదా కింద నైలాన్ తాడు అడుగున్నరకొకటి అడ్డం, నిలువు గుంజి కట్టాలె, గుంట పడదు. బండికి చీర చుట్టినట్టు పరదా చుట్టొద్దు. తడి నేల నుంచి లేచిన ఆవిరి రాత్రి చల్లబడ్డ పరదాకు తాకి నీటి చుక్కలై బండి మీదనే పడతది. పైనుంచి ఒక్క చినుకు పడకపోయినా బానెట్ లోపల తుప్పు పడతది. కింద రెండు అడుగులు గాలికి వదలండి.

ఇప్పుడు అసలు సంగతి. పాత బండిని చెడగొట్టేది ఎక్కువగా లోపలికి దూరి బయటికి పోలేని నీళ్లు. మొదటి దారి నిలువు సైలెన్సర్. ఇంజను ఆగినప్పుడు ఏదో ఒక సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు తెరిచి ఉండొచ్చు. నీళ్లు సక్కగ పిస్టన్ మీదికి దిగుతయి. వాన తగ్గినంక వచ్చి సెల్ఫ్ కొడితే, నీళ్లు గాలి లెక్క నొక్కుకపోవు కనుక, కనెక్టింగ్ రాడ్ వంగుతది. నెత్తిన ఖాళీ డబ్బా బోర్లిస్తే చాలు, ఖర్చు సున్నా. కానీ డబ్బాకు ఎర్ర గుడ్డ కట్టండి, తీయకుండా స్టార్ట్ చేసేటోళ్లు ఉన్నరు. డబ్బా లేకుండా తడిసిన బండైతే నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి) విప్పి, ముందు చేత్తో తిప్పి చూసినంకనే సెల్ఫ్. నీళ్లుంటే నాజిల్ బొక్కలోంచి పిచికారి లెక్క ఎగిరి వస్తయి. ఇంజనుకు పోయే గాలిని నూనెతో వడకట్టే ఆయిల్ బాత్ ఎయిర్ క్లీనర్ గిన్నె కూడా అప్పుడే దించి, నీళ్లున్నయేమో చూడండి.

రెండో దారి గేర్ రాడ్డు బూట్. ఆ రబ్బరు పగిలితే వాన నీళ్లు రాడ్డు వెంబడి గేర్‌బాక్సులోకి దిగుతయి. నూనె పాల లెక్క తెల్లబడ్డదంటే అప్పటికే కలిసినట్టు. అంతదాకా ఆగొద్దు. బండిని ఒక రాత్రంతా కదలనియ్యకుండా, పొద్దున డ్రెయిన్ బోల్టు రెండు చుట్లు వదులు చేయండి. నీళ్లు నూనె కంటే బరువు కనుక అడుగున చేరతయి, ముందు అవే వస్తయి. నూనె కనపడంగనే బిగించండి. చాలా పాత బండ్లకు గేర్‌బాక్సు, హైడ్రాలిక్ నూనె ఒక్కటే కనుక, ఇక్కడ నీళ్లు చేరితే లిఫ్ట్ పంపు కూడా పోతది.

క్లచ్ గురించి మాకు వచ్చే ఫోన్లే ఎక్కువ. నాలుగు నెలలు కదలకుండా చెమ్మలో ఉంటే క్లచ్ ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కుంటది. పెడల్ కిందిదాకా నొక్కి, పెడల్‌కు సీటుకు నడుమ కట్టె బిగిస్తే అతుక్కోదు. ఈసారి ప్రతి బండికీ పెడతం. అతుక్కున్న బండిని గేరులో పెట్టి సెల్ఫ్ కొట్టి విడిపించుమంటే చేయం, ముందు గోడ ఉంటే గోడ పోతది. అరగంట ఇంజను వేడి చేసి చూస్తం, రాకపోతే బండిని నడుమకు రెండు ముక్కలుగా విప్పుడే. హ్యాండ్ బ్రేకు మాత్రం వేసి పెట్టొద్దు, డ్రమ్ముకు లైనింగు పట్టుకుంటది. చక్రాలకు దిమ్మెలు చాలు.

డీజిల్ ట్యాంకు నిండుగ ఉండాలె. సగం ఖాళీగ ఉంటే ఆ ఖాళీలో చెమ్మ గాలి రాత్రి చల్లబడి లోపలి గోడకు నీరై కారతది. అడుగున నల్ల జిగురు, తర్వాత పంపులో తుప్పు. నింపినంక పది నిమిషాలు నడిపిస్తే కొత్త డీజిల్ పంపుదాకా చేరతది. నిండా డీజిల్‌తో వదిలిపోవాలంటే కొందరికి అనుమానం, అది న్యాయమే. అందుకే మీ ముందే కట్టెతో కొలిచి రిజిస్టర్‌లో రాస్తం, తీసుకపోయేటప్పుడు మళ్లీ కొలుస్తం.

15 రోజులకోసారి ఇంజను 25–30 నిమిషాలు, వేడి ముల్లు నడిమికి వచ్చేదాకా నడిపిస్తం. ఆ రోజు క్లచ్ కట్టె, సైలెన్సర్ డబ్బా తీసి, ఆపినంక మళ్లీ పెడతం. ఐదు నిమిషాలు నడిపి ఆపుడు కంటే నడపకపోవుడే మేలు. డీజిల్ కాలినప్పుడు పుట్టిన ఆవిరి ఆరిపోకుండా ఇంజన్ ఆయిల్‌లో, సైలెన్సర్‌లో నీరై ఉండిపోతది. బ్యాటరీ విప్పి లోపల పెడతం, మైనస్ తీగ ముందు తీసి. 12.4 వోల్టుల కిందికి దిగితే ఛార్జింగ్ పెడతం. రేడియేటర్ ఖాళీ చేయం. ఇక్కడ నీళ్లు గడ్డకట్టేదేం లేదు, ఖాళీ చేస్తే లోపల తుప్పే. బోరు నీళ్లుంటే మాత్రం తీసి కూలెంట్ పోయించుకోండి.

నేల సంగతి: మా వెనక భాగం నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతది, ఒక చక్రం దిగితే బండి ఒరుగుతది. ఆరంగుళాల మొరం పోసి దిమ్మిస కొట్టించినం, ప్రతి చక్రం కింద రెండంగుళాల చెక్క వేస్తం.

హెచ్ఎంటీ 2511 ఉన్నోళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. హెచ్ఎంటీ కంపెనీ ట్రాక్టర్ల విభాగాన్ని మూసేయాలని 2016లోనే కేంద్రం నిర్ణయించింది. ఇప్పుడు సామాను దొరుకుడు ఎక్కువగా పాత బండ్లు విప్పిన దగ్గరనే. రెండు సిలిండర్ల ఆ ఇంజనులో రాడ్డు వంగితే నెలలు తిరగాల్సి వస్తది. మిత్సుబిషి శక్తి ఎంటీ 180డి లాంటి తోట బండ్లకు ఆ తిప్పలు తక్కువ, కానీ చిన్నదని మూలకు నెట్టి పైన వరిగడ్డి పేర్చొద్దు. ఎలుకలు ముందు వైరింగే కొరుకుతయి.

నెల కిరాయి పెంచుతలేం. గ్రీజు, కూలెంట్, గేర్ బూట్ ఖర్చు వేరు, మీకు ఫోన్ చేసి ఒప్పుకున్నంకనే వేస్తం. కల్టివేటర్ తగిలించిన బండి తీసుకోం, రెండు బండ్ల జాగ పడతది. తెచ్చే ముందు బురద కడిగి, ఒక పూట ఎండలో ఆరబెట్టి, గ్రీజు నిపుళ్లన్నిటికీ పాత గ్రీజు బయటికి వచ్చేదాకా కొట్టి తీసుకరండి. పోయిన ఏడు పరదా కింద ఉన్న బండ్ల ఓనర్లు ఈ వారంలో ఒక పూట రండి, గేర్‌బాక్సు డ్రెయిన్ బోల్టు మీ ముందే వదులు చేసి చూపిస్తం. నీళ్లు వస్తే నూనె మార్చే ఖర్చు మాదే.