ఐదు నుంచి నాలుగుకు

లెస్టర్, ఇంగ్లండు
ఆదివారం రాత్రి

నాన్నగారికి,

మీకూ అమ్మకూ వందనాలు.

ఆర్గన్ డిప్లొమా పరీక్ష పాసయ్యానని ఫోనులో చెప్పగానే మీరు ఒకే ఒక్క ప్రశ్న అడిగారు: "ఈ డిప్లొమాతో జీతం పెరుగుతుందా అమ్మా?" ఇంతలో వార్డులో పిలిచారు, జవాబు చెప్పకుండానే పెట్టేశాను. జీతం పెరగదు నాన్నగారూ. ఆసుపత్రిలో నేను నర్సునే. రాత్రి డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, చలిగా ఉన్న ఖాళీ చర్చిలో ఆర్గన్ ముందు ఇన్నేళ్లు ఎందుకు కూర్చున్నానో రాస్తాను. మీతో చెప్పవలసిన మాట ఒకటి ఇందులో ఉంది.

ఈ పరీక్ష పెట్టేది రాయల్ కాలేజ్ ఆఫ్ ఆర్గనిస్ట్స్. 1864లో లండన్‌లో మొదలైంది. ఆర్గన్ వాయించేవాళ్ల విద్యను పరీక్షించి పట్టా ఇవ్వడం దాని ముఖ్యమైన పని. మొదటి మెట్టు కొలీగ్, రెండోది అసోసియేట్, చివరిది ఫెలో. నాకు వచ్చింది రెండోది. ఇకమీద పేరు పక్కన ఏ.ఆర్.సి.ఓ. అని రాసుకోవచ్చు.

మీరు పైపుల ఆర్గన్‌ను దగ్గరగా చూడలేదు కదా. మన గుంటూరు గుడిలోని కాలి హార్మోనియంలో గాలి తగిలి ఇత్తడి రీడు అదురుతుంది. ఇక్కడ చాలా గొట్టాలు పిల్లనగ్రోవిలా పలుకుతాయి, కొన్నింటిలో మాత్రం మన రీడు లాంటి లోహపు నాలుక ఉంటుంది. ఏ గొట్టాల వరుస పలకాలో ఎంచుకునే పిడిని స్టాపు అంటారు, దాని మీద 8 అని రాసి ఉంటే అందులో అన్నిటికన్నా కిందిస్వరం గొట్టం సుమారు ఎనిమిది అడుగులు. 16 అని ఉన్నది లాగితే, అదే మెట్టు నొక్కినా స్వరం ఒక స్థాయి కింద పలుకుతుంది. 4 అయితే ఒక స్థాయి పైన. చలికాలంలో గొట్టాల శ్రుతి దిగిపోతుంది, నాలుక ఉన్న గొట్టాలు మాత్రం అంతగా దిగవు. రెండూ కలిపి వాయిస్తే చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది. మే నెల ఎండలో కూడా మన హార్మోనియం అంత నిలకడగా ఎలా పలికేదో ఇక్కడికి వచ్చాకే అర్థమైంది.

నాకు అన్నిటికన్నా కష్టమైనవి పాదాలు. మీ కాళ్లు తిత్తి తొక్కేవి, చేతులు పాడేవి. ఇక్కడ గాలిని మోటారు కొడుతుంది, కాళ్లు స్వరాలు వాయించాలి. కింద ముప్పైకి పైగా పెద్ద చెక్క మెట్లు ఉంటాయి. పలుచని తోలు అడుగు ఉన్న బూట్లు వేసుకుని, మడమతో, మునివేళ్లతో, కిందికి చూడకుండా వెతుక్కోవాలి. జర్మన్ సంగీతకర్త బాహ్ రాసిన ఆరు త్రయ సొనాటాల్లో కుడిచేతికి ఒక పాట, ఎడమచేతికి ఇంకొకటి, కాళ్లకు మూడోది. పెద్దకొడుకు సాధన కోసం ఆయన వాటిని కూర్చాడని చెబుతారు. అందులో ఒక్క భాగం చేతికి రావడానికి నాకు చలికాలమంతా పట్టింది. తండ్రి కొడుకు కోసం రాసిన పాఠం అనుకుంటే, విసుగు వచ్చిన రోజున కూడా లేచి వెళ్లబుద్ధి కాలేదు.

నేర్చుకున్న కృతులు వాయిస్తే సరిపోదు. అంతకుముందు చూడని కాగితం ముందుపెట్టి వాయించమంటారు. నాలుగు గొంతుల రచన రాయిస్తారు. వీటన్నిటిలో ఇక్కడివాళ్లు కూడా భయపడేది శ్రుతి మార్పు. కాగితం మీద ఒక శ్రుతిలో ఉన్నదాన్ని అక్కడికక్కడే ఇంకో శ్రుతిలో వాయించాలి. మొదటిసారి నేను తప్పింది అందులోనే. ఆ సంగతి మీకు అప్పుడు చెప్పలేదు, క్షమించండి. ఒక్కొక్క స్వరం పేరు చదివి, మనసులో మార్చి, అప్పుడు వేలు పెట్టాను. మూడో వరుసకే చేతులు ఆగిపోయాయి.

ఆ రాత్రి రైలులో తిరిగి వస్తుంటే నాకు పన్నెండేళ్లప్పటి ఆదివారం ఒకటి గుర్తొచ్చింది. మీ వేలికి దెబ్బ తగిలి నన్ను హార్మోనియం ముందు కూర్చోబెట్టారు. రెండో చరణంలో ముందు వరుస పెద్దమ్మలకు పైస్వరం అందలేదు. మీరు వంగి నా చెవిలో, "శ్రుతి ఐదు నుంచి నాలుగుకు దించు" అన్నారు. నేను బెదిరి మెట్ల వంక చూశాను. "మెట్లు చూడకు. స ఎక్కడ పెడితే అక్కడే ఉంటుంది. దాని నుంచి దూరం చూడు" అన్నారు. దించాను. పెద్దమ్మలంతా గొంతు విప్పి పాడారు.

రెండోసారి పరీక్షలో కాగితం ఐదు శ్రుతిలో ఉంది. ఒక స్వరం కిందికి దించి వాయించమన్నారు. ఐదు నుంచి నాలుగుకే నాన్నగారూ! నేను స్వరాల పేర్లు చదవలేదు. నాలుగులో స పెట్టుకుని, సరిగమలు లోపల పాడుకుంటూ, దూరాలు చూసుకుంటూ వెళ్లాను. చివరి స్వరం దాకా చేయి ఆగలేదు. ఇక్కడ మా గురువుగారు ఎన్నో నేర్పారు, ఆ రుణం ఆయనదే. ఈ ఒక్కటి మాత్రం గుంటూరులో, గీతల మీద స్వరాలు రాసే స్టాఫ్ నొటేషన్ చదవడం రాని మీ దగ్గర నేర్చుకున్నది. చదువుకోలేదు కాబట్టి మీది సంగీతం కాదని మీరు ఎప్పుడూ అంటారు. ఇకమీద ఆ మాట అనకండి, నాకు బాధగా ఉంటుంది.

ఇంకొక పని ఉంది. గుడిలో కీబోర్డు వచ్చాక హార్మోనియాన్ని వెనక గదిలో పడేశారని, పాత సామాన్లతో పాటు అమ్మేస్తారేమోనని తమ్ముడు చెప్పాడు. దయచేసి అమ్మనివ్వకండి. పాస్టరుగారితో మీరే మాట్లాడండి, బాగుచేయించే ఖర్చు నాది. తిత్తి తోలు ఎక్కడ చిరిగిందో, ఎన్ని రీడ్లు పలకడం లేదో ఒకసారి చూసి రాయించండి. రీడ్లను మాత్రం గరుకు కాగితంతో రుద్దనివ్వకండి, ఇత్తడి అరిగితే శ్రుతి మారిపోతుంది. ఎలుకలు దూరకుండా గుడ్డ కప్పించండి.

డిసెంబరు 20న బయల్దేరుతున్నాను. క్రిస్మస్ ఆరాధనకు మీరు వాయించాలి, నేను పక్కన నిలబడతాను. అమ్మ మోకాళ్లకు మందు తెస్తున్నాను, డాక్టరు చీటీ ఫొటో తీసి తమ్ముడితో పంపించండి.

మీ పెద్దమ్మాయి