గడ్కరీ గారూ, హైడ్రోజన్‌ని ఫ్యాక్టరీలకివ్వండి, మా బండ్లకి ఛార్జింగ్ ఇవ్వండి

కేంద్ర రోడ్డు రవాణా శాఖ మంత్రి నితిన్ గడ్కరీ గారికి,

నమస్కారం సార్. అనకాపల్లి నుంచి రాస్తున్నా. 2022 మార్చిలో మీరు హైడ్రోజన్‌తో నడిచే టయోటా మిరాయ్ కారు ఎక్కి పార్లమెంటుకి వెళ్లారు కదా, ఆ వీడియో మా వాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో ఇప్పటికీ తిరుగుతానే ఉంది. అది చూసి ఎలక్ట్రిక్ స్కూటర్ కొందామనుకున్నోళ్లు కూడా "హైడ్రోజన్ బండ్లు వస్తాయంట, కొన్నాళ్లు ఆగుదాం" అని మళ్లీ పెట్రోల్ బండే కొంటున్నారు. అందుకే ఈ ఉత్తరం.

లెక్క చూడండి సార్. నీళ్ల నుంచి ఒక కిలో హైడ్రోజన్ తీయడానికి 50 నుంచి 55 యూనిట్ల కరెంటు పడుతుంది, దాన్ని మళ్లీ 700 బార్ ప్రెషర్‌కి, అంటే మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి దాదాపు 700 రెట్లకి, నొక్కడానికి ఇంకొంత, ఇంతా చేస్తే ఆ కిలోతో మిరాయ్ లాంటి కారు 100 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ వెళ్తుంది. అదే కరెంటు నేరుగా బ్యాటరీ కార్లో ఎక్కిస్తే 300 దాటి పోతుంది. ఎండ నుంచి, గాలి నుంచి వచ్చే కరెంటే కదా రెంటికీ, మరి మూడో వంతు దూరం కోసం అంత ఖర్చు ఎందుకు? ఆటోల్లో సీఎన్‌జీ సిలిండర్ 200 బార్ దగ్గర ఉంటుంది, దానికే బంకుల ముందు క్యూలు. 700 బార్‌కి గ్యాస్‌ని మైనస్ 40 డిగ్రీల దాకా చల్లబరిచి పట్టాలి, అలాంటి బంకు నర్సీపట్నంలో, చోడవరంలో ఎవరు పెడతారు, పెట్టినా ఎన్ని బండ్లొస్తే గిట్టుబాటవుతుంది? కాలిఫోర్నియాలోనే షెల్ కంపెనీ 2024లో తన కార్ల హైడ్రోజన్ బంకులన్నీ మూసేసింది, కొన్నవాళ్లు ఇబ్బంది పడ్డారు.

హైడ్రోజన్ వద్దని కాదు సార్, అస్సలు కాదు. మన దేశంలో ఇప్పుడు వాడేదంతా దాదాపు నాచురల్ గ్యాస్ నుంచి తీసిందే, అది కూడా రిఫైనరీలకీ ఎరువుల ఫ్యాక్టరీలకీ పోతుంది. విశాఖ రిఫైనరీలో డీజిల్ నుంచి సల్ఫర్ తీయాలన్నా, యూరియాకి అమ్మోనియా కావాలన్నా హైడ్రోజన్ లేకుండా పని జరగదు, అక్కడ బ్యాటరీ ఏమీ చెయ్యలేదు. 2025 జనవరిలో మా జిల్లా పూడిమడకలో ప్రధాని గారు గ్రీన్ హైడ్రోజన్, అంటే ఎండ, గాలి కరెంటుతో నీళ్ల నుంచి తీసే హైడ్రోజన్, హబ్‌కి శంకుస్థాపన చేశారు, మాకెంతో సంతోషం. అక్కడ తయారయ్యేది ముందు ఈ ఫ్యాక్టరీలకి వెళ్లాలి, స్కూటర్లకీ కార్లకీ కాదు.

మా వీధి చివర ఎలక్ట్రిక్ ఆటో నడిపే అన్న ఒకాయన ఉన్నాడు, రెండో అంతస్తు అద్దె ఇల్లు. రాత్రిపూట కిటికీలోంచి ఎక్స్‌టెన్షన్ వైరు కిందకి దించుకుని ఛార్జింగ్ పెడతాడు, జాయింట్ దగ్గర ప్లాస్టిక్ కవర్ చుట్టి. వాన పడితే లేచి వచ్చి ప్లగ్ పీకేస్తాడు, పొద్దున్న సగం ఛార్జింగ్‌తోనే స్టాండ్‌కి. ఆయనకి కావల్సింది వీధిలో కరెంటు స్తంభానికి మీటరుతో ఒక మామూలు సాకెట్టు, అంతే.

లారీలూ బస్సుల సంగతి వేరు, అక్కడ పరీక్షించి చూడటం మంచిదే. 2025 మార్చిలో హైడ్రోజన్‌తో నడిచే 37 బస్సులూ లారీలూ, 9 బంకులు, 208 కోట్లతో పైలట్ ప్రాజెక్టులు ఇచ్చారు, అందులో మా హైవే మీద విశాఖ-బయ్యవరం రూటు కూడా ఉంది. కిలోకి ఎన్ని కిలోమీటర్లు వచ్చింది, కిలోమీటరుకి ఖర్చెంత, బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉంది అనేది నెలనెలా వెబ్‌సైట్‌లో పెట్టించండి, తెలుగులో కూడా. అప్పటిదాకా కారు, ఆటో, స్కూటర్ కొనేవాళ్లకి హైడ్రోజన్ కోసం ఆగొద్దని మీ నోటితో ఒక్కసారి చెప్పండి సార్, మీరు చెప్తే వింటారు.

ఇట్లు,
అనకాపల్లి నుంచి ఒక పౌరుడు